ఆసియా దొరికింది మన నుంగంబాకంలో

అధ్యక్షులవారికి, పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులకు నమస్కారం. చెన్నైలో తెలుగువారి విద్యాసేవ మీద మాట్లాడమన్నారు. నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో సైన్సు చెప్పినవాణ్ణి, నా మనసులో ముల్లులా ఉండిపోయిన సంగతి ఒకటి చెప్పుకుంటాను.

పందొమ్మిదేళ్ళ కిందట మా బడి పిల్లల్ని ఒక క్విజ్‌కి తీసుకెళ్ళాను. ఆఖరి రౌండు. ఆసియా అనే గ్రహశకలాన్ని, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న రాతిముక్కని, ఏ ఊళ్ళో కనుక్కున్నారని అడిగారు. ఎనిమిదో తరగతి చదివే మా బడి అమ్మాయి "మద్రాసు" అంది. తప్పన్నారు. కనుక్కున్నాయన ఇంగ్లీషువాడు కాబట్టి ఊరు కూడా ఇంగ్లండులోదే అని వాళ్ళ కాగితంలో రాసుకున్నారు. నేను లేచి చెప్పబోతే కూర్చోమన్నారు. బస్సులో ఆ పిల్ల దారిపొడుగునా ఏడ్చింది.

అమ్మల్లారా, వినండి. ఆయన నార్మన్ పోగ్సన్. 1861లోనే మన మద్రాసు నుంగంబాకంలో ఉన్న అబ్జర్వేటరీకి, అంటే ఆకాశాన్ని పరిశీలించే కేంద్రానికి, వచ్చాడు. ఆ ఏడే ఏప్రిల్ 17న ఈ ఆసియా దొరికింది. అప్పట్లో ఈ పనికి ఫొటోలు లేవు. టెలిస్కోపుకి కన్ను ఆనించి, నక్షత్రపటంలో ఉన్న చుక్కలతో ఆకాశంలో చుక్కల్ని ఒక్కొక్కటే పోల్చుకోవాలి. పటంలో లేని చుక్క కనిపిస్తే మళ్ళీ మళ్ళీ చూడాలి. నక్షత్రమైతే పక్క చుక్కల మధ్య కదలకుండా ఉంటుంది. జరిగిందంటే అది సూర్యుడి చుట్టూ తిరిగేదే. ఏప్రిల్ నెల మద్రాసు ఉక్కలో, ఫ్యాను కూడా లేని రోజుల్లో చేసిన పని! ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటి గ్రహశకలం కనుక ఆ పేరు పెట్టారు. దొరికిన గ్రహశకలాల వరసలో 67వది.

కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న పట్టీలో తిరుగుతుంది. సూర్యుడికీ మనకీ ఉన్న దూరానికి సగటున 2.42 రెట్ల దూరం. దారి పూర్తి గుండ్రం కాదు, దగ్గరికొస్తే దాదాపు 2 రెట్లు, దూరం పోతే 2.9 రెట్లు. ఒక చుట్టుకి 3 ఏళ్ళ 9 నెలలు పడుతుంది. అంటే ఆ క్విజ్ తర్వాత అయిదు చుట్లు తిరిగింది. మన తప్పు మాత్రం దిద్దుకోలేదు.

తర్వాత సాఫో, సిల్వియా, కమిల్లా, వెరా అనే గ్రహశకలాలు కూడా ఇక్కడే దొరికాయి. రెండు ఉపగ్రహాలున్న గ్రహశకలంగా మొదట తెలిసింది ఆ సిల్వియానే, 2005లో. అక్కడే పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక నక్షత్రాన్ని కనుక్కున్నారు. ఆ ఆవరణలో 1792 నాటి రాతిస్తంభం మీద తెలుగు అక్షరాలున్నాయి. తెలుగు, అమ్మా! మీ పిల్లలకి ఎవరైనా చెప్పారా?

టైమైందని చీటీ పంపారు. ఒక్క నిమిషం. ఆ అమ్మాయి ఇవాళ తన కొడుకుతో వచ్చి మూడో వరసలో కూర్చుంది. లేమ్మా. మైకు ఆమెకి ఇవ్వండి. ఆసియా ఏ ఊళ్ళో దొరికిందమ్మా? గట్టిగా చెప్పు.