హిగాషి చాయ: లోపలి నుంచి చూడాల్సిన వీధి

అందరికీ నమస్కారం.

జపాన్‌లోని కనజావా నగరంలో ఉన్న హిగాషి చాయ అనే వీధి గురించి చెప్తాను. ముందుగా ఒక పొరపాటు సరిచేసుకుందాం. జపాన్‌లో ‘ఒచాయ’ అంటే టీకొట్టు కాదు. పేరులో టీ ఉన్నా, అది సాయంత్రాలు షామిసెన్ వాద్యంతో, పాటతో, నాట్యంతో అతిథులను అలరించే ఇల్లు. అక్కడి కళాకారిణులే మనం గీషా అని పిలిచేవాళ్లు. కనజావాలో వాళ్లను ‘గెయిగీ’ అంటారు. పద్ధతిగా టీ కలిపిచ్చే గది వేరు, దాని పేరు ‘చాషిత్సు’. ఈ తేడా తెలియక వచ్చినవాళ్లు మధ్యాహ్నం రద్దీలో వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, బంగారు రేకు అంటించిన ఐస్‌క్రీమ్ తిని వెళ్లిపోతారు. అసలు చూడాల్సింది ఇళ్ల లోపల ఉంది.

1820లో ఆ ప్రాంతాన్ని ఏలే ‘కాగా’ అనే సంస్థానం కనజావాలో అక్కడక్కడా ఉన్న చాయలను, అంటే ఈ ఒచాయలనే, రెండు చోట్లకు చేర్చింది. అసానో నది దగ్గర తూర్పు వీధి హిగాషి, సాయి నది దగ్గర పడమటి వీధి నిషి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊరి మీద పెద్ద బాంబు దాడులు జరగలేదు, అందుకే ఇన్ని చెక్క ఇళ్లు మిగిలాయి. 2001లో హిగాషి జాతీయ రక్షిత ప్రాంతమైంది.

ఒక్క ఇల్లే చూసే సమయం ఉంటే ‘షిమా’ చూడండి. 1820 నాటి కట్టడం, ఇప్పుడు మ్యూజియం. లోపలికి వెళ్లే ముందు కింది అంతస్తు ముందున్న చెక్క చువ్వల జాలీ దగ్గర ఆగండి. దాన్ని ‘కిముసుకో’ అంటారు. చువ్వ వీధి వైపు వెడల్పుగా, గది వైపు సన్నగా ఉంటుంది. అందువల్ల లోపలివాళ్లకు వీధి బాగా కనిపిస్తుంది, పగటిపూట వీధిలోవాళ్లకు గది కనిపించదు.

ఆ కాలంలో మామూలు ఇళ్లకు ఎత్తైన రెండో అంతస్తు కట్టుకోనిచ్చేవాళ్లు కాదు, చాయలకు మాత్రం అనుమతి ఉండేది. అతిథుల గదులన్నీ పైనే. పైకి వెళ్లాక ఒక్క అరైనా, బీరువా అయినా ఉందేమో వెతకండి. ఉండదు. అవి నివాసపు గదులు కావు, వేడుక కోసమే కట్టినవి. అతిథి అలంకార గూడు ‘తొకొనొమా’కు వీపు పెట్టి కూర్చుంటాడు. ఎదురుగా ఉన్న చిన్న గది ‘హికాయె నొ మా’. దాని జారుడు తలుపులు తెరుచుకోగానే అదే రంగస్థలం. అతిథి కూర్చునే వైపు నిలబడి చూస్తేనే ఈ ఏర్పాటు అర్థమవుతుంది; గుమ్మంలోంచి తొంగిచూస్తే ఖాళీ గదిలాగే ఉంటుంది.

చెప్పులు వాకిట్లోనే విప్పాలి, కాబట్టి శుభ్రమైన సాక్సు వేసుకెళ్లండి. వీపు సంచి ముందుకు తిప్పుకోండి. వెనక ఉంటే తిరిగినప్పుడల్లా పాత మట్టిగోడకు రాసుకుంటుంది. గడప మీద, తతామీ చాప గుడ్డ అంచు మీద కాలు పెట్టకూడదు. తొకొనొమాలోకి అసలే ఎక్కకూడదు. మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లను తొందరపెట్టకండి.

షిమాలో టీ కూడా దొరుకుతుంది, పచ్చ టీ పొడితో కలిపే మాచా. సుమారు 2 గ్రాముల పొడికి 70 మిల్లీలీటర్ల నీళ్లు, 80 డిగ్రీల వేడి. మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది. ముందు టీతో ఇచ్చే మిఠాయి పూర్తిగా తినాలి, ఆ తీపి నోట్లో ఉండగానే టీ తాగాలి. గిన్నెను ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడిచేత్తో రెండుసార్లు కొద్దికొద్దిగా తిప్పి, దాని ముఖభాగం తప్పించి తాగండి. ఈ మిఠాయిలు చాలావరకు చిక్కుడు జాతి గింజల ముద్ద, చక్కెరతో చేసేవే, శాకాహారులకు ఇబ్బంది ఉండదు. భోజనం దగ్గరే జాగ్రత్త: కూరగాయల పులుసులో కూడా ఎండుచేప రసం ఉంటుంది, అడిగి తినండి.

టోక్యో నుంచి కనజావాకు వేగమైన షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో రెండున్నర గంటలు. క్యోటో నుంచి అయితే 2024 మార్చి నుంచి త్సురుగా స్టేషన్‌లో రైలు మారాలి. కనజావా స్టేషన్ దగ్గర సిటీ బస్సెక్కి హషిబాచోలో దిగితే అయిదు నిమిషాల నడక. పదకొండు దాటితే వీధి నిండిపోతుంది, కాబట్టి తొమ్మిదిన్నరకల్లా చేరండి. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు అని అక్కడివాళ్ల సామెత. చలికాలంలో అయితే అక్షరాలా నిజం.

రాత్రి ఒచాయలోకి పరిచయం లేనివాళ్లను రానివ్వరు. దీన్ని అవమానంగా తీసుకోకండి. డబ్బు అక్కడికక్కడ తీసుకోకుండా బిల్లు తర్వాత పంపడం పాత అలవాటు, అందుకు నమ్మకమైన మనిషి హామీ కావాలి. ఇప్పటికీ రాత్రిళ్లు ఒచాయగా నడిచే ‘కైకారో’ను పగటిపూట టికెట్టు కొని చూడొచ్చు. అయినా చీకటి పడే వేళకు వీధికి ఒకసారి తిరిగి రండి. దీపాలు వెలిగాక కిముసుకో వెనక గది లీలగా తెలుస్తుంది, ఒక్కోసారి షామిసెన్ వినిపిస్తుంది. గెయిగీ ఎదురైతే పక్కకు జరిగి దారివ్వండి, కెమెరా దించండి. ఆమె కచేరీకి వేళవుతోంది.