ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోంది?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం రికార్డింగ్ బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లోనే. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, పప్పు పెట్టాను. నా ఎదురుగా కూర్చున్న అక్క, షేర్లూ ఫండ్ల మార్కెట్‌ని నియంత్రించే సెబీలో రిజిస్టర్ అయిన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్. తన దగ్గరికొచ్చేవాళ్లను ఎవరూ పోల్చుకోకూడదని పేరు చెప్పొద్దన్నారు. అక్కా, ఆడవాళ్లు మీ దగ్గరికొచ్చి మొట్టమొదట ఏమడుగుతారు?

గెస్ట్: "ఎందులో పెట్టాలి?" అంటారు. నేను తిరిగి అడిగేదేంటంటే, "నీ బ్యాంకు ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?"

హోస్ట్: అదేం ప్రశ్న అక్కా!

గెస్ట్: విను మరి. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే ఒకమ్మాయి వచ్చింది. మంచి జీతం, ఆఫీసులో తన కింద పదిమంది. కాగితాలన్నీ ఒక చీరల షాపు కవర్లో కుక్కి తెచ్చింది. మూడు పాలసీ బాండ్లు, చిట్టీ లెక్క రాసుకున్న పుస్తకం, కాఫీ మరక పడిన నగల స్కీము కార్డు. మ్యూచువల్ ఫండ్లున్నాయా అంటే, "ఉన్నట్టున్నాయి అక్కా" అంది. సరే, స్టేట్‌మెంట్ తీద్దామని పాన్ నంబర్ కొట్టాం. ఓటీపీ పంపాం అని తెరమీద వచ్చింది. ఈమె ఫోన్‌కి ఏమీ రాలేదు. అర నిమిషంలో నెల్లూరు నుంచి కాల్. వాళ్ల నాన్న. "అమ్మాయ్, ఏదో నంబర్ వచ్చింది, కొట్టింది నువ్వేనా?"

హోస్ట్: (నవ్వు) అయ్యో రామా!

గెస్ట్: నవ్వకు. కాలేజీలో ఉండగా ఖాతా తెరిచారు, అప్పుడు నాన్న నంబరిచ్చారు. తర్వాత ఆధార్‌కీ ఫండ్లకీ అదే. ఆయన పాపం మంచాయన, కూతురి డబ్బు పైసా ముట్టలేదు. కానీ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే ఇక్కడ ఈమె పని ఆగిపోయేది. అలవాటైపోయి, అదొక ఇబ్బంది అని కూడా అనుకోలేదు. కొందరికి పెళ్లయ్యాక ఆ నంబర్ భర్తది అవుతుంది, అంతే తేడా.

హోస్ట్: మరి ఏం చేయించారు?

గెస్ట్: మొదటి నెల ఎక్కడా ఒక్క రూపాయి పెట్టించలేదు. నంబర్లు మార్చుకోమన్నాను. బ్యాంకుకి ఒకసారి రెండో శనివారం వెళ్లి, తాళం చూసి వెనక్కొచ్చింది. తర్వాత సెలవు పెట్టి వెళ్లింది. ఫారం ఇవ్వబోతే అక్కడ క్లర్కు "నామినీ కూడా చూసుకోండి" అన్నారట. చూస్తే ఎవరు? వాళ్ల నాయనమ్మ. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆధార్, ఫండ్ల కేవైసీ అన్నీ అయ్యాక క్రెడిట్ రిపోర్టు, అంటే తన పేరు మీదున్న అప్పుల చిట్టా, తీశాం. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఉన్న ఆర్‌బీఐ నిబంధనే. అందులో ఒక కారు లోను కనిపించింది. ఈమెకి కారే లేదు!

హోస్ట్: ఎవరిది?

గెస్ట్: తమ్ముడిది. "ఇక్కడో సంతకం పెట్టక్కా" అన్నాడట, రాఖీ రోజున. పెట్టేసింది. అది జామీను సంతకం. వాడు కంతు ఎగ్గొడితే బ్యాంకు ఈమెనూ అడుగుతుంది, ఈమె క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది.

హోస్ట్: నా కథ కూడా చెప్పేస్తాను. 2018లో బ్యాంకుకి ఎఫ్‌డీ చేయడానికి వెళ్లాను. ఏ బ్యాంకో వదిలేయండి. "ఇదీ ఎఫ్‌డీ లాంటిదే మేడమ్, ఇంకా బెటర్" అని చల్లటి నీళ్లిచ్చి మరీ చెప్పారు. ఏడాదికి అరవై వేలు, పన్నెండేళ్లు. అదొక ఇన్సూరెన్స్ పాలసీ అని బాండు కవరు విప్పిన రోజు తెలిసింది. విప్పిందే మూడో నెలలో.

గెస్ట్: నచ్చకపోతే తిప్పి ఇచ్చేయడానికి అప్పట్లో కాగితం బాండుకి 15 రోజులే. 2024 నుంచి 30 రోజులు చేశారు. బాండు రాగానే విప్పాలమ్మా, అది పెళ్లి శుభలేఖ కాదు కదా పక్కన పెట్టడానికి. ఎవరు సలహా ఇచ్చినా, "ఇది చెప్పినందుకు మీకు డబ్బులెవరిస్తారు?" అని అడగండి. పాలసీ అమ్మినవాళ్లకి ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది. ఫండ్లు అమ్మేవాళ్లకి ఏఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, వాళ్లకి ఫండ్ కంపెనీ కమిషన్ ఇస్తుంది. తప్పేం కాదు, కానీ నీకు తెలియాలి. కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి ఉన్నాయి. మాలాంటి అడ్వైజర్ల నంబర్ ఐఎన్ఏతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్లో వెతికి చూసుకోవచ్చు. మేం ఫీజు నీ దగ్గరే తీసుకోవాలి, నీకు చెప్పిన ఫండు మీద కమిషన్ తీసుకోకూడదు.

హోస్ట్: ఫీజంటే మనవాళ్లకి ప్రాణం ఒప్పదక్కా.

గెస్ట్: ఒప్పదు. "మా బావగారు ఊరికే చెప్తారు" అంటారు. ఆ బావగారు చెప్పిన పాలసీకి పదేళ్లు ప్రీమియం కడతారు!

హోస్ట్: మరి ఆ వైట్‌ఫీల్డ్ అమ్మాయిని చిట్టీ మానేయమన్నారా?

గెస్ట్: చిట్టీ అనగానే మొహం చిట్లించే అడ్వైజర్లంటే నాకు ఒళ్లు మంట. మా అమ్మ చిట్టీ పాడే నా చదువుకి ఫీజు కట్టింది. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టర్ అయిన చిట్టీ అయితే నడిపేవాళ్లు రిజిస్ట్రార్ దగ్గర సెక్యూరిటీ పెట్టాలి, కమిషన్ 7 శాతం దాటకూడదు. ఈమెది అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నడిచే చిట్టీ. పాడుకున్నావిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేస్తే ఎవర్ని పట్టుకుంటాం? ఉన్నది పూర్తిచేసి, ఇంకోటి వేయొద్దన్నాను. నగల స్కీము కూడా ఆ కార్డుతో సరి.

హోస్ట్: చివరికి ఎందులో పెట్టించారు?

గెస్ట్: ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టించాను, ఆఫీసుది కాకుండా సొంతంగా హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోమన్నాను. మిగతాది మామూలే, అదేం పెద్ద కథ కాదు. అసలు కథ వాళ్ల నాన్నది. నంబర్ మార్చిన వారానికి కంగారుగా ఫోన్ చేశారట. "ఓటీపీలు రావట్లేదేంటమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని.

హోస్ట్: (నవ్వు) పాపం, ఆయనకి కూతురి కబురు అదే అన్నమాట!

గెస్ట్: మరి! ఇప్పుడు రోజూ రాత్రి ఈమే ఫోన్ చేస్తోంది. అది సరే, నీ పీఎఫ్‌కి ఏ నంబర్ ఉంది?

హోస్ట్: నా పీఎఫ్‌కా... ఆగండి. పాత ఆఫీసులో ఇచ్చిన సిమ్ అయి ఉంటుంది. అది తిరిగిచ్చేసి నాలుగేళ్లయింది.

గెస్ట్: కుక్కర్ కట్టేసి ల్యాప్‌టాప్ తీసుకురా.