బొమ్మ రైలు అన్నందుకు

వాణి: అందరికీ నమస్కారం. ఈ వారం కూడా పద్మారావు నగర్‌లో, మా ఇంటి వరండాలోనే కూర్చున్నాం. మామయ్య గొంతు బాగుపడింది. పోయిన వారం నుంచి అడుగుతున్న వాళ్ళందరికీ ధన్యవాదాలు.

మామయ్య: మిరియాల కషాయం ఎవరు పంపారో అది కూడా చెప్పు.

వాణి: చెప్పను. చెబితే మళ్ళీ గొడుగు కథ మొదలుపెడతారు. ఈ రోజు విషయం, ఇంగ్లండులో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మమ్మలు, తాతయ్యలు ఆదివారం పూట మనవలను ఎక్కడికి తీసుకెళ్ళవచ్చు అని. పార్కులు, సముద్రతీరాలు, క్లబ్బుల వాళ్ళు నడిపే చిన్న ఆవిరి రైళ్ళు. ఈ మూడూ వరుసగా రాసుకున్నాను.

మామయ్య: రైలుతో మొదలుపెడదాం.

వాణి: మీరు అలా అంటారని రైలును చివర రాసుకున్నాను. సరే, కానివ్వండి. పోయిన జూన్‌లో మామయ్య, నేను, మనవడు బంటి ముగ్గురం వెళ్ళాం. మా చెల్లెలు ఉండే ఊళ్ళోనే, ఒక పార్కు చివర, చెట్ల మధ్య. స్టేషను, సిగ్నళ్ళు, సొరంగం, టికెట్టు కిటికీ, అన్నీ ఉన్నాయి. కానీ ఇంజను నా మోకాలి ఎత్తే ఉంది. నడిపేవాళ్ళంతా క్లబ్బు సభ్యులు, ఎక్కువమంది ఉద్యోగాల నుంచి విశ్రాంతి తీసుకున్నవాళ్ళు. టికెట్ల డబ్బు బొగ్గుకూ పట్టాల మరమ్మతుకూ పోతుంది. ఎవరికీ జీతం లేదు.

మామయ్య: అక్కడ రెండు రకాల పట్టాలున్నాయి, అది చెప్పు. ఒకటి నేల మీద, పట్టాల మధ్య ఏడుంపావు అంగుళాలు. రెండోది స్తంభాల మీద, నడుము ఎత్తున, ఐదు అంగుళాలది. దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, పాదాలు పక్క పలకల మీద పెట్టాలి.

వాణి: వెళ్ళేవాళ్ళకు నా సలహాలు చెప్పేస్తాను. కాళ్ళు కిందకు జారవిడవకూడదు, పక్కకు వంగకూడదు, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి. చీర కట్టుకున్న వాళ్ళు నేల మీది బండే ఎక్కండి. చాలా క్లబ్బులు వేసవిలో, ఆదివారం మధ్యాహ్నాలే నడుపుతాయి. వాన పడితే ఆపేస్తారు, కాబట్టి బయలుదేరే ముందు కనుక్కోండి. ఇక సముద్రతీరాలు...

మామయ్య: నీళ్ళ సంగతి చెప్పలేదు.

[గంట]

వాణి: ఒకటి. కొత్తగా వింటున్నవాళ్ళకు చెబుతున్నాను, మామయ్య నీళ్ళ మాట ఎత్తితే నేను గంట కొడతాను.

మామయ్య: కొట్టుకో. కానీ విను. అక్కడ షెడ్డు పైకప్పు మీద పడిన వాన నీటిని పీపాల్లో పట్టి దాచుకుంటున్నారు. కుళాయి నీళ్ళు ఇంజనులో పోయడం లేదు. ఎందుకు? దక్షిణ ఇంగ్లండులో సుద్దరాయి నేలలు ఎక్కువ, కాబట్టి చాలా చోట్ల నీళ్ళు గట్టివి, అంటే సుద్ద కరిగినవి. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడు, అదే బాయిలరు గొట్టాల మీద పేరుకుంటే వేడి నీటికి అందదు. బొగ్గు ఎంత వేసినా ఆవిరి ఎక్కదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేరిన మొదటి ఏడాది నేను గొట్టాల నుంచి ఆ పొర గీకాను. 1893 నుంచి ఉన్న వర్క్‌షాపు అది, అక్కడ పెద్దవాళ్ళు పొర రంగు చూసి ఇంజను ఏ స్టేషనులో నీళ్ళు తాగిందో చెప్పేవాళ్ళు.

[గంట]

వాణి: మామయ్యా, ఒక బొమ్మ రైలుకు ఇంత...

మామయ్య: మళ్ళీ అన్నావు.

వాణి: ఏమన్నాను?

మామయ్య: బొమ్మ. ఆ రోజు కూడా అన్నావు, బంటి ముందు. తిరుగు బస్సులో నేను మాట్లాడలేదు, గుర్తుందా?

వాణి: ఎండ దెబ్బ అనుకున్నాను. మామయ్యా, బొమ్మ అంటే చిన్నచూపు కాదు. పొణికి చెక్కతో చేసిన కొండపల్లి ఏనుగును బొమ్మ అనే అంటాం, చేతులెత్తి మెచ్చుకుంటాం.

మామయ్య: కొండపల్లి ఏనుగు చెరుకు తినదు. ఇది బొగ్గు తింటుంది, నీళ్ళు తాగుతుంది.

[గంట]

మామయ్య: జూ పార్కులో పిల్లలు ఎక్కే రైలు ఉంది, దాన్ని బొమ్మ రైలు అను, ఒప్పుకుంటాను. దాంట్లో ఆవిరి లేదు. ఇది నిజమైన ఇంజను, కొలతలో చిన్నది, అంతే. బాయిలరు రాగిది. కొత్తది తయారైతే పనిచేసే ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి పెట్టి పరీక్షించాకే పట్టాల మీదికి రానిస్తారు. ఆ పరీక్ష దేనితో చేస్తారో తెలుసా?

వాణి: చెప్పండి, గంట చేతిలోనే ఉంది.

మామయ్య: నీటితోనే! గాలితోనో ఆవిరితోనో చేస్తే, బాయిలరు చిట్లినప్పుడు నొక్కుకుని ఉన్నదంతా ఒక్కసారిగా విచ్చుకుంటుంది, మనుషులు పోతారు. నీరు నొక్కుకోదు. ఎక్కడైనా అతుకు వీడితే కాస్త కారి ఊరుకుంటుంది. బొమ్మకు ఎవరైనా ఈ పరీక్ష పెడతారా?

[గంట]

వాణి: పెట్టరు. కానీ నా మాట కూడా వినండి. పొద్దున్న మనం త్వరగా వెళ్ళాం కదా. ఆ పెద్దాయన కిరోసిన్‌లో నానబెట్టిన చెక్క ముక్కలు పేర్చి, పొగగొట్టం మీద చిన్న కరెంటు ఫ్యాను పెట్టి, నిప్పు అంటుకునేదాకా ఒంగొనే ఉన్నాడు. సాయంత్రం మళ్ళీ బూడిద తీయాలి, గొట్టాలు తోమాలి. బంటి ఎక్కి తిరిగింది పది నిమిషాలు. బ్యాటరీ పెట్టినా వాడికి అదే సంతోషం కదా అని అడుగుతున్నాను. ఆ క్లబ్బులోనే బ్యాటరీ ఇంజను కూడా ఉంది.

మామయ్య: ఉంది. బంటి దాని దగ్గర ఎంతసేపు నిలబడ్డాడు?

వాణి: అది... నిలబడలేదు.

మామయ్య: ఆవిరి ఇంజను కదలబోతూ రెండు పక్కలా తెల్లగా చిమ్మింది. వాడు అరిచి వెనక్కి దూకి, మళ్ళీ ముందుకు వచ్చాడు. అది ఎందుకు చిమ్ముతుంది? సిలిండర్లు చల్లగా ఉంటే లోపలికి వచ్చిన ఆవిరి నీరవుతుంది. నీరు నొక్కుకోదని ఇప్పుడే చెప్పాను. దాన్ని బయటికి వదలకుండా కదిలిస్తే పిస్టను వచ్చి గుద్దుతుంది, సిలిండరు మూత పగులుతుంది. నిజామాబాద్ వైపు మీటర్ గేజి బండికి ఎలా వదిలేవాళ్ళో ఈ మోకాలి ఎత్తు ఇంజనుకూ అలాగే వదలాలి. చిన్నదని ఇది మినహాయింపు అడగదు, మనం ఇవ్వకూడదు.

వాణి: ఒప్పుకుంటున్నాను. సగం.

మామయ్య: మిగతా సగానికి ఇంగ్లండులోనే కెంట్ తీరంలో ఒక రైలు ఉంది. పట్టాల మధ్య 15 అంగుళాలు, 1927లో మొదలైంది, పదమూడున్నర మైళ్ళు. రోమ్నీ, హైద్, డిమ్‌చర్చ్ ఊళ్ళ పేర్లు కలిపి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం దాని మీద కవచాలు తొడిగిన రైలు నడిపింది. సైన్యం బొమ్మను కాపలా పెట్టుకుంటుందా?

వాణి: అది క్లబ్బు రైలు కాదు, ప్రయాణికుల రైలు. మీరు లెక్క మార్చారు.

మామయ్య: లెక్కే కావాలా? నిజం ఇంజనులో 8వ వంతు పొడవున చేశావనుకో. 8 ఎనిమిదులు 64, 64 ఎనిమిదులు 512. బాయిలరులో పట్టే నీరు 512వ వంతుకు పడిపోతుంది. వంద టన్నుల ఇంజను సుమారు రెండు వందల కిలోలవుతుంది. ఒత్తిడిని మాత్రం అలా తగ్గించలేం, అదింకా మనిషిని గాయపరిచేంత ఉంటుంది. అంటే డ్రైవరుకు తప్పు దిద్దుకునే వ్యవధి తక్కువ. పెద్ద ఇంజను మీద మాట్లాడుకుంటూ పోవచ్చు. దీని మీద కాసేపు ఆదమరిస్తే గేజి గ్లాసులో, అదే బాయిలరు నీటి మట్టం చూపించే గాజు గొట్టంలో, నీళ్ళు దిగిపోయి ఉంటాయి.

[గంట]

వాణి: ఐదు... ఆరా? లెక్క తప్పింది. మామయ్యా, కోపం వచ్చిందా?

మామయ్య: కోపం కాదు. ఆ రోజు స్టేషనులో ఆ పెద్దాయన బండి తీసే ప్రతిసారీ మొదట ఏం చేశాడో నువ్వు చూడలేదు. పచ్చజెండా ఊపినా వెంటనే కదల్లేదు. ఒంగి, గేజి గ్లాసు చూసి, తరువాతే రెగ్యులేటరు మీద, అంటే ఆవిరి వదిలే మీట మీద, చెయ్యి వేశాడు. ఆరేడు సార్లు గమనించాను, ఒక్కసారి కూడా మరవలేదు.

వాణి: చూడలేదు.

మామయ్య: మా నాన్న నన్ను మొదటిసారి ఇంజను ఎక్కించినప్పుడు నాకు ఆరేళ్ళు. కూత కొడతానని గొలుసు కోసం చెయ్యి చాచాను. నాన్న ఆ చెయ్యి పట్టుకుని గ్లాసు మీద పెట్టాడు. వేడిగా ఉంది. లోపల నీరు సన్నగా ఊగుతోంది. ముందు ఇది చూడాలిరా, తరువాతే ఇంకేదైనా, అన్నాడు. బొగ్గు మండే ఫైర్‌బాక్సు నెత్తి మీద నీళ్ళు లేకపోతే రేకు ఎర్రబడి కుంగిపోతుంది, ఇద్దరూ ఇంటికి రారు. ఇంట్లో కూడా అంతే, రాత్రి భోజనానికి కూర్చోగానే ముందు చెంబు వంక చూసేవాడు. అమ్మ నవ్వేది.

వాణి: ...

మామయ్య: గంట కొట్టలేదే?

వాణి: కొట్టబుద్ధి కాలేదు. మీరు ఆ రోజు రెండోసారి ఎక్కింది అందుకేనా?

మామయ్య: మూడోసారి. నువ్వు టీ తేవడానికి వెళ్ళినప్పుడు ఒకసారి ఎక్కాను. ఆయన వెనక సీటే కావాలని అడిగాను. భుజం పక్క నుంచి గ్లాసు కనిపిస్తుంది.

వాణి: ఆయనతో చెప్పారా, మీ నాన్నగారి సంగతి?

మామయ్య: నా ఇంగ్లీషుకు అంత అందదు. గ్లాసు వైపు వేలు చూపించాను. ఆయన తల ఊపాడు. తరువాతి చుట్టులో చిన్న పార నా చేతికిచ్చి, ఒక్క పార బొగ్గు వెయ్యనిచ్చాడు. అన్నీ గోళీకాయలంత ముక్కలు. పార నిండా వేసినా దోసెడు లేదు.

వాణి: నాకు ఇది ఇన్నాళ్ళూ చెప్పలేదు మీరు.

మామయ్య: బొమ్మ అన్నావుగా.

వాణి: ఇక అనను. మామయ్యా, మెట్టుగూడలో మీ ఫిట్టర్లు ఇంకా ఉన్నారు కదా. రాగి రేకు అతికే చేతులు...

మామయ్య: ఇద్దరున్నారు. ఒకాయనకు చూపు తగ్గింది. రెండో ఆయన్ని అడిగాను.

వాణి: అడిగారా? ఎప్పుడు?

మామయ్య: ఉగాదికి. ముందు పట్టాలకు చోటు చూడమన్నాడు. బాయిలరు తాను... ఆగు, కింద హారన్ విను. ట్యాంకరు వచ్చింది.

వాణి: సంపు తాళం మీ జేబులోనే ఉంది. పార్కులు, సముద్రతీరాలు...

మామయ్య: వచ్చే వారం చెప్పు. ముందు నీళ్ళు.