ప్లాన్ పెంచే ముందు ఒక ల్యాన్ కేబుల్

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో నెట్ నెమ్మదించిందంటే చాలామంది చేసే మొదటి పని ప్లాన్ పెంచడం. స్పీడు 50 ఎంబీపీఎస్ ఉంటే 100 చేస్తారు, 100 ఉంటే 200 చేస్తారు. నెల నెలా బిల్లు పెరుగుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పెరుగుతుంది. అయినా వీడియో కాల్ ఆగేది ఆగుతూనే ఉంటుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్లాన్ పెంచే ముందు స్పీడు ఎక్కడ పడిపోతోందో చూడండి. వీధిలోనా, ఇంట్లోనా?

ముందు కనెక్షన్ల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పుడు ల్యాండ్‌లైన్ ఫోను తీగ మీదే ఇంటర్నెట్ నడిచేది. 256 కేబీపీఎస్, అంటే ఒక ఎంబీపీఎస్‌లో దాదాపు నాలుగో వంతు వస్తే బ్రాడ్‌బ్యాండ్ కిందే లెక్క. ప్రభుత్వం ఆ లెక్కను 2023లో 2 ఎంబీపీఎస్‌కి పెంచింది. రాగి తీగతో ఒక చిక్కుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి ఇల్లు ఎంత దూరమైతే స్పీడు అంత తగ్గుతుంది. ఫైబర్ అంటే వెలుగుతో సిగ్నల్ మోసే సన్నని గాజు తీగ. దానికి ఆ బెంగ లేదు, ఊరు మొత్తం దాటి వచ్చినా దాదాపు అదే స్పీడు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్ గ్రిడ్ వాళ్ళు కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ళ పైపులతో పాటు భూమిలో వేశారు. ఫైబర్ రాని చోట, 5జీ సిగ్నల్‌ని డాబా మీద పెట్టిన యాంటెన్నాతో పట్టుకునే ఎయిర్ ఫైబర్ ఉంది. పక్కనే కొత్త అపార్ట్‌మెంటు లేచి టవర్‌కి అడ్డం వస్తే అది తడబడవచ్చు. కాబట్టి ఫైబర్ దొరికే చోట ఫైబరే తీసుకోండి అంటాను.

అయితే ఫైబర్ అని చెప్పిన ప్రతిదీ మీ ఇంటిదాకా ఫైబర్ కాదు. కొన్ని అపార్ట్‌మెంట్లలో గాజు తీగ కింద సెల్లార్‌లో పెట్టిన పెట్టె దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి మీ ఫ్లాటుకి వచ్చేది మామూలు ల్యాన్ కేబుల్, అంటే నెట్ మోసే రాగి వైరు. అదీ బాగానే పనిచేస్తుంది, కానీ కింద ఆ పెట్టెకి కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. అందుకే కనెక్షన్ తీసుకునేటప్పుడు అడగండి: ఫైబర్ మా గోడ లోపలికి వస్తుందా, కిందే ఆగుతుందా?

ఇక స్పీడు. ప్లాన్ మీద రాసే 100 ఎంబీపీఎస్ మెగాబిట్లు. మన ఫోన్లో ఫైల్ సైజు చూపించేది మెగాబైట్లలో. చదరపు అడుగులను తొమ్మిదితో భాగిస్తే గజాలు వచ్చినట్టు, మెగాబిట్లను ఎనిమిదితో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి. అంటే 100 ప్లాన్‌లో డౌన్‌లోడ్ సెకనుకి 12 మెగాబైట్లు చూపిస్తే మీకు న్యాయంగానే ఇస్తున్నారన్నమాట.

మరి ఎంత కావాలి? మంచి హెచ్‌డీలో సినిమా చూడ్డానికి 5 ఎంబీపీఎస్ చాలు. పెద్ద టీవీలో 4కే అయితే 15 నుంచి 25. వీడియో కాల్‌కి మూడు నాలుగు, కానీ అప్‌లోడ్, అంటే మన వైపు నుంచి వెళ్ళే స్పీడు కూడా అంతే ఉండాలి. నలుగురున్న ఇంట్లో ఒకరు టీవీ, ఒకరు ఆఫీసు కాల్, ఒకరు ఆన్‌లైన్ క్లాసు, ఒకరు ఫోను అనుకోండి. అన్నీ కూడినా 40 దాటడం కష్టం. 50 సరిపోతుంది, 100 అంటే ధీమాగా ఉండొచ్చు. అంతకు మించి కావాల్సిన ఇళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ. రోజూ పెద్ద పెద్ద వీడియో ఫైళ్ళు పంపేవాళ్ళ సంగతి వేరు.

ఇప్పుడు మా పిన్ని వాళ్ళ ఇంటి సంగతి చెప్తాను. తెనాలిలో పాత ఇల్లు, కింద రెండు గదులు, వెనకవైపు మెట్లెక్కితే మేడ మీద ఒక గది. ఆ గదిలో కూర్చుని మా పిన్ని కోడలు హైదరాబాద్ కంపెనీకి పని చేస్తుంది. పొద్దున మీటింగ్ మొదలవగానే ఆ అమ్మాయి మొహం స్క్రీన్ మీద బిగుసుకుపోయేది. అవతలివాళ్ళు "వినపడటం లేదు, మళ్ళీ చెప్పండి" అనేవాళ్ళు. ఉద్యోగం కొత్త కావడంతో ఆ పిల్లకి ఒకటే టెన్షన్. మా బాబాయి అది చూడలేక ప్లాన్ 50 నుంచి 100 చేశారు. లాభం లేకపోతే 200 చేశారు. కింద టీవీ ఇంకా జోరుగా వచ్చింది. పైన మాత్రం అదే కథ.

నేను వెళ్ళినప్పుడు కేబుల్ అబ్బాయి కూడా వచ్చాడు. "లైన్ బాగానే ఉంది సార్" అన్నాడు. బాబాయికి కోపం వచ్చింది. "బాగుంటే మా కోడలి కాల్ ఎందుకు ఆగుతోందయ్యా?" అన్నారు. ఆ అబ్బాయి నొచ్చుకోలేదు. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, ముందుగదిలో ఉన్న వైఫై పెట్టెకి, అదే రౌటర్‌కి, ల్యాన్ కేబుల్ గుచ్చి స్పీడ్ టెస్ట్ పెట్టాడు. 190 పైన వచ్చింది. "ఇది మీ ఇంటికి వస్తున్నది సార్" అన్నాడు. తర్వాత ఫోన్ పట్టుకుని బయల్దేరాడు. పెట్టె ముందు వైఫైలో 170. వంటింటి గుమ్మం దగ్గర 60. మెట్ల మొదట్లో 40. మెట్ల పైన 15. మేడ గదిలోకి వెళ్ళి తలుపు వేస్తే 4. "ఇది మీ గదికి వస్తున్నది" అన్నాడు. బాబాయి ఇంకేం మాట్లాడలేదు.

190 ఇంటికి వస్తోంది, 4 గదికి వస్తోంది. మధ్యలో పోయింది ఎక్కడ? వీధిలో స్తంభం ముందువైపు ఉందని, కనెక్షన్ ఇచ్చిన రోజు పెట్టెను ముందుగదిలో ఓ మూలకి బిగించారు. తర్వాత ఎప్పుడో దాని ముందుకు అద్దం బీరువా జరిపారు. ఇనుప బీరువా, దాని వెనక వైఫై పెట్టె! ఇనుము దాటి వైఫై సరిగా వెళ్ళదు. పైన స్లాబు, అందులోనూ ఇనుప చువ్వలే. వైఫైలో రెండు రకాల సిగ్నల్ ఉంటుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 5 వేగమైంది, కానీ గోడ దాటడంలో బలహీనం. 2.4 దూరం పోతుంది, కానీ నెమ్మది, పైగా చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లన్నీ ఆ దారిలోనే కిక్కిరిసి ఉంటాయి. మేడ మీద ల్యాప్‌టాప్‌కి అందుతున్నది ఆ 2.4 ఒక్కటే.

చేసిందేమిటంటే, బీరువా పక్కకి జరిపాం. పెట్టె నుంచి ఒక ల్యాన్ కేబుల్ గోడ వెంట కేసింగ్‌లో మేడ మీదికి తీసుకెళ్ళి, అక్కడ మామూలు రౌటర్ ఒకటి పెట్టాం. కేబుల్, కేసింగ్, రౌటర్ అన్నీ కలిపి ఒక్కసారి పెట్టిన ఖర్చు. మళ్ళీ నెల ప్లాన్ 100కి తగ్గించాం. ఇప్పుడు ఆ అమ్మాయి మీటింగ్‌లో మాట్లాడుతుంటే మా పిన్ని కింద టీవీ చూసుకుంటోంది. ఇద్దరికీ అడ్డం లేదు. ఆ కేబుల్ అబ్బాయి చేసిన పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వాదించలేదు, కొలిచి చూపించాడు.

మీరూ అలాగే కొలవండి. ముందు కేబుల్‌తో, తర్వాత వైఫైతో. కేబుల్‌తోనే తక్కువ వస్తే తప్పు కంపెనీది, గట్టిగా అడగండి. పొద్దున బాగుండి రాత్రి ఎనిమిది, పది మధ్య పడిపోతోందా? ఒకే ఫైబర్‌ని స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు, ఆపైన కంపెనీ లైన్లూ పంచుకునేవే. అందరూ ఒకేసారి టీవీ పెట్టే వేళ అది. ఆ టైములో కొలిచిన అంకెలు రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయండి. 200 ప్లాన్ ఉండి, కేబుల్ పెట్టినా స్పీడు 95 దగ్గరే ఆగిపోతుంటే మాత్రం కంపెనీని అనకండి. కేబుల్ గుచ్చే రౌటర్ పోర్టో, ల్యాప్‌టాప్ పోర్టో 100 వరకే పనిచేసే రకం అయి ఉంటుంది, లేదా కేబుల్లో ఉన్న ఎనిమిది తీగల్లో నాలుగే అంటుతున్నాయి. కేబుల్ మార్చి మళ్ళీ చూడండి.

కేబుల్‌తో సరిగ్గా వచ్చి వైఫైలోనే పడిపోతే, ప్లాన్ పెంచి లాభం లేదు. పెట్టె చోటు మార్చాలి.

కొత్తగా కనెక్షన్ తీసుకునేవాళ్ళకి ఇంకా సులువు. లైన్‌మన్ వచ్చి స్తంభానికి దగ్గర గోడకే రంధ్రం వేస్తానంటాడు, అతని పని అక్కడితో తేలిపోతుంది. మీరు ముందే ఇల్లంతా ఓసారి తిరిగి, ఎక్కువమంది కూర్చునే చోటు, పని చేసుకునే గది చూసుకుని, రెండింటికీ మధ్యలో ఒక ప్లగ్ పాయింటు ఉన్న గోడ ఎంచుకోండి. టీవీ వెనక వద్దు, బీరువా పక్కన వద్దు, కప్‌బోర్డులో అసలు వద్దు. ఇంకో పది మీటర్లు ఫైబర్ లాగమని అడగండి, లాగుతారు. డ్రిల్లింగ్ మిషన్ అతని చేతిలో ఉన్నప్పుడే ఆ గోడ చూపించండి.

సెలవు. నమస్కారం.