బడుల మధ్య పోటీ: దేనికి మార్కులు వేస్తున్నాం?

సభాధ్యక్షులకు, మండల విద్యాశాఖాధికారి గారికి, తోటి ఉపాధ్యాయులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ గ్రంథాలయ వారోత్సవాల్లో బడుల మధ్య పోటీ వల్ల చదువు బాగుపడుతుందా అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఉద్యోగమంతా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పినవాణ్ణి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోటీ వస్తే బడి మారుతుంది, అందులో అనుమానం లేదు. అయితే మనం దేన్ని గెలుపు అంటామో ఆ వైపుకే మారుతుంది. మన దగ్గర గెలుపంటే ర్యాంకు, నూరు శాతం పాస్. అందుకే మన బడులు పిల్లలను ఏరుకోవడంలో పోటీ పడుతున్నాయి. నేర్పడంలో పోటీ అంతగా కనిపించదు.

దీని మీద ప్రపంచమంతా చదివే పరిశోధన ఒకటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే జరిగింది. 2008లో మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. 180 ఊళ్ళు తీసుకున్నారు. ప్రభుత్వ బడిలో పిల్లలున్న తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి, ఫీజు మేం కడతాం, మీ పిల్లను ప్రైవేటుకు పంపుతారా అని అడిగారు. దరఖాస్తులు తీసుకున్నాక ముందు ఊళ్ళకు లాటరీ వేశారు. సగం ఊళ్ళకు పథకం వచ్చింది, సగం ఊళ్ళకు రాలేదు. పథకం వచ్చిన ఊళ్ళలో మళ్ళీ పిల్లలకు లాటరీ. ఇలా రెండుసార్లు ఎందుకంటే, ప్రైవేటుకు వెళ్ళిన పిల్లలు ఏం నేర్చుకున్నారో ఒక్కటే తెలిస్తే చాలదు. వాళ్ళు వెళ్ళిపోయాక ప్రభుత్వ బడిలో మిగిలిన పిల్లలకు ఏమైందో కూడా తెలియాలి. పోటీ గురించి అసలు ప్రశ్న అదే కదా.

నాలుగేళ్ళ తర్వాత చూస్తే, తెలుగులో, లెక్కల్లో ప్రైవేటుకు వెళ్ళిన పిల్లలకూ, వెళ్ళని పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం వెళ్ళినవాళ్ళు బాగా ముందున్నారు. ప్రైవేటు బడుల టైమ్‌టేబుల్ చూస్తే కారణం తెలిసింది. తెలుగుకు, లెక్కలకు పీరియడ్లు తగ్గించి ఆ సమయం ఇంగ్లీషు, హిందీ లాంటి వాటికి ఇచ్చారు. తక్కువ పీరియడ్లలోనే తెలుగు, లెక్కలు ప్రభుత్వ బడితో సమానంగా నేర్పారంటే అది చిన్న విషయం కాదు. అదీ, ఒక్కో పిల్లవాడి మీద ప్రభుత్వ బడి పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా. అక్కడి టీచర్లకు శిక్షణ తక్కువ, జీతం మరీ తక్కువ. అయినా సెలవులు తక్కువ పెట్టారు, ఎక్కువ గంటలు పనిచేశారు. ప్రభుత్వ ఉపాధ్యాయులుగా ఆ మెప్పు వాళ్ళకు మనం మనస్ఫూర్తిగా ఇవ్వాలి.

ఇక మిగిలిపోయిన పిల్లల సంగతి. పోటీ వస్తే సర్కారు బడి మేలుకుంటుందని కొందరు అంటారు. చురుకైన పిల్లలు వెళ్ళిపోతే బడి ఇంకా దిగజారుతుందని మరికొందరు అంటారు. ఆ ఊళ్ళలో రెండూ జరగలేదు. ఉన్నవాళ్ళ చదువు పెరగలేదు, తగ్గలేదు. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. పిల్లలు తగ్గితే, సంఖ్యను బట్టి టీచర్ల పోస్టులు సర్దే రేషనలైజేషన్‌లో పోస్టు ఇంకో బడికి పోతుంది, అంతే. ఈ పదిమంది ఎందుకు వెళ్ళిపోయారు, మనం ఏం మార్చుకోవాలి అని కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు మన దగ్గర ఎక్కడుంది? ఏటా జూన్‌లో బడిబాట అని ఇల్లిల్లూ తిరుగుతాం. ప్రైవేటు టీచర్లయితే ఎండాకాలం సెలవుల్లోనే అడ్మిషన్ల టార్గెట్ పెట్టుకుని తిరుగుతారు. ఇద్దరి చేతుల్లోనూ కరపత్రాలే. మీ పిల్లకు భాగహారం వచ్చా, చదివింది అర్థమవుతోందా అని ఏ గుమ్మం ముందూ ఎవరూ అడగరు.

మన దేశం కంటే చాలా ముందు ఈ దారిలో పూర్తిగా వెళ్ళిన దేశం చిలీ. 1981లో అక్కడి సైనిక ప్రభుత్వం పిల్లవాడు ఏ బడిలో చేరితే డబ్బు ఆ బడికి వెళ్ళేలా పద్ధతి మార్చింది. ప్రైవేటు బడులు విపరీతంగా పెరిగాయి. కానీ దేశం మొత్తం మీద చదువు మెరుగైన గుర్తులు పరిశోధకులకు దొరకలేదు. కాస్త ఉన్నవాళ్ళ పిల్లలు ఒకవైపు, పేదల పిల్లలు ఒకవైపు చేరడం మాత్రం స్పష్టంగా కనిపించింది. చివరికి 2008లో పేద పిల్లలను చేర్చుకున్న బడికి అదనంగా డబ్బిచ్చే చట్టం చేశారు. 2015లో ఇంకో చట్టం తెచ్చి, సర్కారు సొమ్ము తీసుకునే బడులు పిల్లలను ఏరుకునే పద్ధతికి స్వస్తి చెప్పారు.

ఈ ఏరుకోవడం మన దగ్గర ఎలా జరుగుతుందో ఒక్కటి చెప్తాను. ఒక జూన్‌లో ఒకమ్మాయి టీసీ పట్టుకుని మా బడికి పదో తరగతికి వచ్చింది. తొమ్మిది వరకు పేరున్న ప్రైవేటు బడిలో చదివింది. మీ అమ్మాయి మా స్థాయిని అందుకోలేదు, టీసీ తీసుకెళ్ళండి అన్నారట. ఆ నాన్న ఆటో డ్రైవరు. ఏళ్ళ తరబడి ఫీజు కట్టిన మనిషి. అమ్మాయి నోటుబుక్కు తిరగేస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి పేజీలో ఎర్ర ఇంకుతో టిక్కులు. ఒక కాగితం ఇచ్చి సగానికి మూడో వంతు కలపమ్మా అన్నాను. రెండు బై అయిదు అని రాసింది. పైదానికి పైది, కిందదానికి కిందది కలిపేసింది. రొట్టె ముక్కల బొమ్మ గీయించి, సగం ముక్క కంటే ఇది ఎక్కువుందా తక్కువుందా అని అడిగితే, కాసేపు చూసి, "తక్కువైపోయింది సార్" అంది. తప్పు తనే పట్టుకుంది. పట్టుకోగలిగిన పిల్ల! అయిదో తరగతిలో రావాల్సిన ఈ ప్రశ్న పదో తరగతి దాకా ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది అమ్మాయి మా బడిలో పదో తరగతి పాసయింది. ఆ ప్రైవేటు బడి గేటు మీద 'నూరు శాతం ఉత్తీర్ణత' అని ఫ్లెక్సీ కట్టారు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

ఇలాంటి ప్రకటనల గోల తగ్గించాలనే 2012లో పదో తరగతికి మార్కులు తీసేసి గ్రేడ్లు పెట్టారు. అప్పుడు పది బై పది జీపీఏలు ఎన్ని అని ఫ్లెక్సీలు వచ్చాయి. పేరు మారింది, ఏరుకోవడం అలాగే ఉంది.

మరి పోటీని మంచికి వాడుకునే దారి లేదా అంటే, ఉంది. అదీ మన రాష్ట్రంలోనే రుజువైంది. 2005లో అదే పరిశోధకులు కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల టీచర్లకు బోనస్ ఇచ్చి చూశారు. ఎంతమంది ఫస్ట్ వచ్చారని లెక్కపెట్టలేదు. ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, చివర మళ్ళీ పెట్టి, పిల్లలందరి సగటు ఎంత పెరిగిందో చూశారు. సగటు అయిదు శాతానికి మించి పెరిగితే, ఆ పైన ప్రతి ఒక్క శాతానికి 500 రూపాయలు. వెనకబడిన పిల్ల పది మార్కులు పెరిగినా, ముందున్న పిల్ల పది పెరిగినా లెక్క ఒకటే. అలాంటప్పుడు వెనకబడిన పిల్లకు టీసీ ఇచ్చి పంపడంలో ఎవరికీ లాభం లేదు. రెండేళ్ళలో ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో ముందుకెళ్ళారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. అన్ని బడుల్లో బోనస్ పెట్టమని నేను అనడం లేదు, డబ్బుతో తూచకూడని పనులు టీచరు చాలా చేస్తాడు. కొలిచిన పద్ధతి మాత్రం మనం తీసుకోవాల్సిందే.

విద్యాశాఖాధికారి గారూ, మీరు వేదిక మీద ఉన్నారు కాబట్టి ఒక విన్నపం. దేశంలోని బడుల లెక్కలన్నీ ఉంచే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ఇప్పుడు పిల్లల వివరాలు పేరుపేరునా ఎక్కిస్తున్నాం. ఏ పిల్ల ఏ తరగతిలో చేరింది, ఎప్పుడు ఏ బడికి మారింది, అంతా అందులో ఉంటుంది. మన మండలంలో సర్కారుదైనా ప్రైవేటుదైనా ప్రతి హైస్కూలుకూ రెండే అంకెలు బయట పెట్టండి: ఆరో తరగతిలో చేరినవాళ్ళెంతమంది, వాళ్ళలో అదే బడి నుంచి పదో తరగతి పరీక్ష రాసినవాళ్ళెంతమంది. పేర్లు వద్దు, అంకెలు చాలు. ఇళ్ళు మారి వెళ్ళినవాళ్ళు కొందరుంటారు, అది అన్ని బడులకూ ఉండేదే. మీ వల్ల ఆలస్యమైతే, తల్లిదండ్రులు వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో హెడ్మాస్టరుని ఆ రెండు అంకెలే అడగండి. ఫీజు కట్టకముందే అడగండి. సెలవు.