ఆ సీసా కూడా సంచిలో వేసుకురండి

నమస్కారం. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు వింటున్నవాళ్లకి, ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే ఆ అమ్మాయికీ, వాళ్ల అత్తగారికీ ఇంట్లో ఇచ్చే నాటుమందుల గురించి ఈ నాలుగు మాటలు.

నేను చాలా ఏళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేశాను. ఒక రాత్రి తొమ్మిది నెలలూ నిండిన పిల్లని ఆటోలో తీసుకొచ్చారు. నీళ్ల విరేచనాలు, నాలుక పిడచకట్టుకుపోయింది, పొట్ట రాయిలా బిగుసుకుంటోంది. ఏం తిన్నావమ్మా అంటే బయటి పకోడీలు అంది. అత్తగారు గోడకి ఆనుకుని నిలబడింది, నోరు విప్పలేదు. సెలైన్ పెడదామని చెయ్యి పట్టుకుంటే పైటచెంగు జిడ్డుగా తగిలింది. వాసన చూశాను, ఆముదం. మర్నాడు మంచిరోజట, నొప్పులు రావాలని వేడి కాఫీలో కలిపి పట్టించారు.

ఆముదం పేగుల్నే కాదు, గర్భసంచినీ కదిలిస్తుంది. విరేచనాలతో ఒంట్లో నీరంతా పోతుంది. ముందు కాన్పు ఆపరేషన్ అయినవాళ్లకైతే పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరుగుతుందేమోనని భయం. బిడ్డ గుండె చప్పుడు వింటూ తెల్లవార్లూ కూర్చున్నాం. పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

ముందే చెప్పొచ్చు కదా అంటే అత్తగారు ఏమందో తెలుసా? "ఏడో నెలలో కషాయం సంగతి చెప్తే సిస్టరు కసిరిందమ్మా, ఇంక చెప్పాలనిపించలేదు." ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తప్పు మా వైపూ ఉంది.

కాబట్టి చెప్పండి, దాచకండి. అల్లం వేవిళ్లకి కొంత పనికొస్తుంది, నడుముకి మెల్లగా నూనె రాస్తే హాయిగానే ఉంటుంది. పొట్ట మాత్రం తోమించుకోకండి. అశ్వగంధ లాంటివి ఈ నెలల్లో వద్దు. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఆ ఐరన్ సరిగా ఒంటబట్టదు. చెట్టుమందే కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి, చేస్తుందనే కదా తాగుతున్నాం.

మమతా దివస్‌కి, అంటే ఊళ్లో గర్భిణులకీ పిల్లలకీ పరీక్షలు చేసే రోజున, వెళ్లినప్పుడు మీ తల్లీబిడ్డల కార్డుతో పాటు ఇంట్లో వాడే ఆ మందు సీసా, ఆ పొట్లం కూడా సంచిలో వేసుకెళ్లండి. కార్డు ఒడియాలో ఉంటుంది, మనలో చాలామందికి చదవడం రాదు, ఫర్వాలేదు. సీసా చూపించి, ఇది వాడుతున్నానని అందులో రాయించండి. సిస్టర్లూ, మీరూ అడగండి, ఇంట్లో ఇంకేం ఇస్తున్నారమ్మా అని, మెత్తగా అడగండి.

మూడేళ్ల తర్వాత అదే అత్తగారు కోడలి రెండో కాన్పుకి ముందు నా దగ్గరికొచ్చి, కొంగుముడి విప్పి ఒక పొట్లం తీసింది. "ఇది ఇవ్వొచ్చా, సిస్టరమ్మా?" పేరు లేని పొడి. వద్దు పెద్దమ్మా అన్నాను. సరే అని నా బల్ల మీదే వదిలేసి వెళ్లింది.