కుర్చీ ఉంది, కబురే అందడం లేదు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పనులు పక్కనపెట్టి ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

మన ఊళ్లో ప్రజల తరఫున సలహా చెప్పే కమిటీలకు కొదవ లేదు. వార్డు కమిటీ, ఆసుపత్రి అభివృద్ధి సంఘం, మార్కెట్ కమిటీ, జిల్లా గ్రంథాలయ సంస్థ, బడి కమిటీ, ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. వాటిలో సభ్యులెవరని అడిగితే మాత్రం మనలో చాలామంది తెల్లముఖం వేస్తాం. ప్రమాణ స్వీకారం ఫొటో పేపర్లో వచ్చాక గానీ అక్కడ ఒక ఖాళీ ఉండేదన్న సంగతి తెలియదు. నియామకాల్లో అన్ని వర్గాలకూ చోటు ఉండాలన్న మాటను కాదనేవారు ఎవరూ లేరు. అయితే ఖాళీ కబురు పది మంది మధ్యే తిరుగుతున్నంత కాలం ఆ పది మంది బంధువులు, స్నేహితులే సభ్యులవుతారు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

చట్టాలు ఈ విషయంలో మనకంటే ముందే ఉన్నాయి. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. అది 1993లో అమల్లోకి వచ్చింది. విజయవాడ, గుంటూరు రెండూ ఆ హద్దును ఎప్పుడో దాటాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలనీ చెప్పింది. నామినేటెడ్ పదవుల్లో సగం వెనుకబడిన తరగతులకు, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు కేటాయిస్తూ 2019లో మన శాసనసభే చట్టం చేసింది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీకి మున్సిపల్ కమిషనర్ అధ్యక్షులైనా, సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఉండాలి. వారిని పైనుంచి ఎవరూ నియమించరు, వ్యాపారులే ఎన్నుకుంటారు. వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగ వ్యాపారులకు తగిన చోటు ఉండాలి. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. విజయవాడ బీసెంట్ రోడ్డు సంగతే తీసుకోండి. అక్కడ బండ్లు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడు పోలీసు అధికారికి ట్రాఫిక్ కనిపిస్తుంది, షాపు యజమానికి తన షాపు ముందు జాగా కనిపిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం మూడు గంటలకు నీడ ఏ వైపు పడుతుందో, రోజంతా నిలబడే ఆడమనిషి మూత్రశాల కోసం ఎంత దూరం నడవాలో రోడ్డు మీద బతికే మనిషికే తెలుసు.

నేను సభ్యురాలిగా ఉన్న ఒక కమిటీలో చూసిన సంగతి చెబుతాను. రాత్రిపూట టిఫిన్ బండి నడిపే ఒక అమ్మ మాతోపాటు సభ్యురాలు. సమావేశం ఉందని ముందురోజు సాయంత్రం ఫోను వచ్చేది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ఆమె వచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి, చివరి వరుసలో కూర్చుని వెళ్లిపోయేది. ఒకరోజు మురుగు కాలువల్లో విస్తళ్లు, మిగిలిన పదార్థాలు పడేస్తున్నారని బండ్లవాళ్లకు జరిమానా పెంచాలన్న చర్చ వచ్చింది. అందరూ సరేనంటున్నారు. ఆమె లేచి, "అయ్యా, చెత్తబండి పదింటికే వెళ్లిపోతుంది. మేము గిన్నెలు కడిగేది పదకొండు దాటాక. ఆ చెత్త ఎవరికి ఇవ్వమంటారు?" అని అడిగింది. గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. చర్చ జరిమానా మీదినుంచి చెత్తబండి వేళ మీదికి మళ్లింది. ఆ రోజు ఆమె రాకపోయి ఉంటే జరిమానా పెరిగేది, కాలువ అలాగే ఉండేది.

2024 విజయవాడ వరదలను తలచుకోండి. ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ మర్నాడే బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను, పాయకాపురాన్ని ముంచింది. పడవలు పెద్ద రోడ్ల వరకూ వచ్చినా, లోపలి సందుల్లో ఉన్నవారు మంచినీళ్ల కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఏ మేడ మీద మంచం పట్టిన ముసలాయన ఉన్నారో, ఏ ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉందో ఆశా కార్యకర్తకు, పాల ప్యాకెట్లు వేసే కుర్రవాడికి, పారిశుధ్య కార్మికురాలికి తెలుసు. వరదకు ముందు వేసే ప్రణాళికలో వీళ్ల మాట ఉండాలి. కొండ మీద ఇళ్ల గురించి చర్చించేటప్పుడు రోజూ ఆ మెట్లెక్కే మనిషి ఆ గదిలో ఉండాలి. గుంటూరు మిర్చి యార్డూ అంతే. మార్కెట్ కమిటీ అనగానే రైతు, వర్తకుడు గుర్తుకొస్తారు. ఆ ఘాటులో రోజంతా తొడిమలు తీసే ఆడవాళ్లూ, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీలూ ఎవరికీ గుర్తుకురారు.

"అర్హులు దొరకడం లేదండీ" అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. నాకు కోపం తెప్పించే మాట అది. ఎక్కడ వెతికారు? ఎవరిని అడిగారు? ఇంకో అలవాటు కూడా ఉంది. ఒక దళిత మహిళను వేసి, ఎస్సీ కోటా, మహిళా కోటా, పేదల కోటా మూడూ తీరిపోయాయని చేతులు దులుపుకుంటారు. పదిహేను మంది మధ్య ఒంటరిగా కూర్చున్న మనిషి నోరు తెరవడమే కష్టం. కనీసం ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకరి మాటకు ఇంకొకరు తోడు పలుకుతారు. నాయకుడు తన వెంట తిరిగే మనిషిని తెచ్చి ఆ కులం పేరున కూర్చోబెడితే, ఆ మనిషి నాయకుడికే జవాబుదారీ అవుతాడు గాని, ఆ పేటకు కాదు. ఇక భార్య పేరున పదవి తీసుకుని భర్త వచ్చి కూర్చునే పద్ధతిని మనం సహించకూడదు.

మనం కోరుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఏ కమిటీలో ఎన్ని ఖాళీలున్నాయో ప్రతి వార్డు సచివాలయం గోడ మీద తెలుగులో అతికించాలి. దరఖాస్తు ఒక్క పేజీ మించకూడదు, సిఫారసు లేఖ అడగకూడదు. రోజు కూలీ పోగొట్టుకుని వచ్చేవారికి ఆ కూలీకి తగిన భత్యం ఇవ్వాలి. సమావేశం కింది అంతస్తులో పెట్టాలి, చక్రాల కుర్చీలో వచ్చే సభ్యుణ్ణి ఇద్దరు ఎత్తుకుని మెట్లెక్కించడం ఆ మనిషికి అవమానం. తీర్మానాలు తెలుగులో రాసి అదే గోడ మీద పెట్టాలి, మనం పంపినవారు ఏం మాట్లాడారో మనకు తెలియాలి.

ఈ కోరికలతో కమిషనర్‌గారికి ఇవ్వబోయే వినతిపత్రం వేదిక పక్కన బల్ల మీద ఉంది. చదివి, ఒప్పుకుంటేనే సంతకం చేయండి. దాని వెనక ఒక తెల్లకాగితం కూడా పెట్టాం. మీ పేటలో కమిటీలోకి రాగలిగినవారు, వస్తే ధైర్యంగా మాట్లాడగలిగినవారు ఉంటే ముందు వారిని అడిగి, సరేనంటే పేరు రాయండి. "అర్హులు లేరు" అని ఈసారి ఎవరైనా అంటే ఆ కాగితాన్నే వారి ముందు పెడదాం. నమస్కారం.